బొటనవేలు పైకి లేస్తే

ప్రియమైన తమ్ముడు కియాలాకి,

కిన్షాసాలో డాక్టరు చదువు వెలగబెడుతున్నావుగా, ఇది చెప్పు. పక్కింటి కుర్రాడు నిన్న పొద్దున మంచం దిగబోయి కూలబడ్డాడు. జ్వరం లేదు, నొప్పి లేదు. కాళ్ళు మాత్రం కర్రల్లా బిగుసుకుపోయాయి. వాడొక్కడే కాదురా, వానలు ఎగ్గొట్టినప్పటి నుంచీ ఊళ్ళో ఇలాగే ఒకరి తర్వాత ఒకరు. అందరూ మన ముసలి పెద్దమ్మే చేతబడి చేసిందంటున్నారు. నా చిట్టితల్లి మటోండో నిద్రపోతుంటే దాని కాళ్ళు తడిమి తడిమి చూస్తున్నాను. నవ్వకు. భయంగా ఉంది.

నీ అక్క,
లుజోలో

ప్రియమైన అక్కకి,

నవ్వలేదే, రాత్రంతా పుస్తకాలు తిరగేశాను. పెద్దమ్మ జోలికి ఎవర్నీ పోనివ్వకు. విషం చేదు కర్రపెండలంలో ఉంది. మూడు రాత్రులు వాగులో నానితేనే అది పోతుంది. దాన్ని కొనే లారీవాళ్ళు తొందరపెడుతున్నారని మీరంతా ఒక్క రాత్రికే తీసేస్తున్నారు కదూ? చేపా చిక్కుడూ లేని కరువులో అదే తింటే, కాళ్ళు కదపమని మెదడు పంపే కబురు మోసే నరాలు చచ్చిపోతాయి. మళ్ళీ బతకవు. మందు లేదక్కా. పిల్లకి బాగా నానిన పిండే పెట్టు. దాని అరికాలి మీద, బయటి అంచున, మడమ నుంచి వేళ్ళ దాకా గరిటె కాడతో గీసి చూడు. బొటనవేలు కిందికి ముడుచుకుంటే మంచిది. పైకి లేస్తే ఆ నరాలు దెబ్బతిన్నట్టే, వెంటనే రాయి.

నీ తమ్ముడు,
కియాలా

ఒరేయ్ తమ్ముడూ,

దాని వేలు కిందికే ముడుచుకుంది! కితకితలని ఇల్లెగిరిపోయేలా నవ్వింది. ఆడవాళ్ళకి చెప్పి చూశాను. "లారీని మీ తమ్ముడొచ్చి ఆపుతాడా?" అంది తోడికోడలు. బాగా నానిన పిండి కుండ అడుగున కాస్తే ఉంది, అది పిల్లకే. ఇప్పుడు వాగు నుంచి నీళ్ళు కూడా మటోండోనే తెస్తోంది, బుల్లి సొరబుర్రతో. నాకా గట్టు ఎక్కాలంటే ఈ మధ్య బద్ధకం.

లుజోలో అక్క

అక్కా,

నీ ఉత్తరం చూసి గంతేశాను. మా మాస్టారు చిక్కుడు గింజలిచ్చి మనుషుల్ని పంపుతానన్నారు. అయినా నీకు బద్ధకమేమిటే? నన్ను వీపున మోసుకుంటూ ఆ గట్టు పరిగెత్తి ఎక్కినదానివి!

ఇక్కడే కలం ఆగిపోయింది. అక్కా, నువ్వేం తింటున్నావు? నీ కాలు గీసి చూశావా? నిజం చెప్పు.

కియాలా

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పిల్ల కాళ్ళే అడిగావు, నేను పిల్ల కాళ్ళ సంగతే రాశాను. మంచి పిండి దానికి, ఒక్క రాత్రి నానిన లారీ పిండి నాకు. ఇంకేం తినమంటావు? కిందటి ఉత్తరం రాయకముందే, బుట్టతో గట్టెక్కుతూ కూలబడ్డాను. ఆ ఉత్తరం పంపాక మటోండో ఆటకని నా అరికాలు గీసింది. "అమ్మా, నీ వేలు పైకి లేచింది, నువ్వే గెలిచావ్!" అని చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. ఏం చెయ్యను?

మర్నాడు కర్ర పట్టుకుని ఇంటింటికీ ఈడ్చుకుంటూ పోయి నా కాళ్ళు చూపించాను. తోడికోడలు బుట్ట తీసుకుపోయి మళ్ళీ వాగులో ముంచింది, ఆమె వెనకే మిగతావాళ్ళు. లారీ ఖాళీగా పోయింది.

పెద్దమ్మని ఇప్పుడెవరూ ఏమీ అనడం లేదు. నాకు మాత్రం భయం పోలేదురా. నువ్వు డాక్టరువై వచ్చిన రోజు గుమ్మంలోకి ఎదురు రాలేనేమో. నా కోసం చూడకు, నువ్వే లోపలికి వచ్చెయ్.

నీ అక్క