ఆడి నెలలో తీసిన నెత్తురు

చిరంజీవి ముకేశ్‌కు పళ్ళిపట్టు నుంచి అక్క దేవకి ఆశీస్సులు. హైదరాబాదులో నువ్వు క్షేమమని తలుస్తాను. ఇక్కడ అందరం క్షేమమని రాయబోతే చేయి రాలేదు. మీ బావకు గుండెపోటు వచ్చింది. ప్రాణం దక్కింది, స్టెంటు వేసి ఇంటికి పంపారు. నీకు చెప్పొద్దని అందరినీ ఆపింది నేనే. ఫోను చేస్తే "మీటింగులో ఉండాను అక్కా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్ని అలా పెట్టేయలేవు, అందుకే కొరియరులో పంపుతున్నాను. నీకు తెలుగు కన్నా తమిళం చదవడమే సులువని తెలుసు. అయినా తెలుగులోనే తిడతాను, కూడబలుక్కుని చదువు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. నువ్వు పంపిన పట్టీ బిగుతుగా ఉందని పెట్టెలో దాచేసింది. నీ మేనకోడలు మనస్వి నర్సింగులోనే చేరతానని పట్టుపట్టింది, చేరనిస్తాం. ఇక నీ పరిశోధన రిపోర్టు అట్ట మీద వేయడానికి బావ కావడి ఎత్తిన ఫోటో కావాలన్నావు. కింద 'ఆరోగ్యవంతుడైన రైతు' అని రాస్తారట. నీ ఉత్తరం వచ్చేసరికి ఆ ఆరోగ్యవంతుడు ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంకా మండుతూనే ఉంది.

పోయిన ఏడాది మన వసారాలో కాఫీ తాగుతూ నువ్వు చెప్పిన పాఠం నేను మరిచిపోలేదు. తెల్లవాళ్ళ నెత్తురు చూసి కట్టిన కొలతలు మనకు సరిపోవన్నావు. మనవాళ్ళకు చెడ్డ కొవ్వు మరీ ఎక్కువ లేకపోయినా, మంచి కొవ్వు తక్కువ, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువ, అందుకే చిన్న వయసులోనే గుండె జబ్బులన్నావు. పళవేర్కాడులో చేపలు పట్టేవాళ్ళనూ, తిరువళ్ళూరు ఫ్యాక్టరీ వాళ్ళనూ, మన రైతులనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తానన్నావు. నా తమ్ముడి చదువు మనవాళ్ళకు పనికొస్తోందని నేను పొంగిపోయాను.

తీరా నువ్వు చేసిందేమిటి? తిరుత్తణి స్వామి పండుగ ఆడికృత్తికకు ముందు, కావడి మొక్కున్న మగవాళ్ళంతా భజన మండపంలో చేరే వేళ చూసి సూదులు పట్టుకుని దిగావు. ఒకేచోట అంతమంది, అదీ పొద్దున్నే ఖాళీ కడుపుతో దొరికారని నీకు సంబరం. మాల వేసుకున్నవాడు మాంసం ముట్టడు, బ్రాందీ ముట్టడు, ఒంటిపూట తింటాడు. తిరుత్తణిలో మొక్కు తీర్చి మాల తీశాక ఏం తింటాడో, ఏం తాగుతాడో నీకు తెలియదా? బావ వెనకాల నువ్వూ కావడి మోసినవాడివే కదా. పళవేర్కాడు వాళ్ళ నెత్తురు మామూలు రోజుల్లో తీశావు. మనవాళ్ళది వ్రతంలో తీశావు. రెండూ పక్కపక్కన పెట్టి, రైతుల నెత్తురే అందరికన్నా శుభ్రమని రాశావు. రాయడానికి సిగ్గనిపించలేదా?

తిండీ తాగుడూ గురించి ప్రశ్నలడగడానికి నువ్వు వెంట తెచ్చిన పిల్లను నేనేమీ అనను. ఎక్కడో తంజావూరు నుంచి వచ్చింది, దానికేం తెలుసు? మాంసం తింటారా అని అడిగితే పచ్చయ్యప్ప మామ, "మాల మెడలో ఉండంగా ఆ మాట నా నోట్లో నుంచి రాకూడదు పాపా. లేదని రాసుకో" అన్నాడు. మిగతావాళ్ళూ అదే వరస. ఆ పిల్ల అందరికీ లేదనే రాసుకుంది. నువ్వు దాని పక్కనే నిలబడి ఉన్నావు.

తర్వాత పరీక్ష కాగితాలు వచ్చాయి. ఆ రోజు నా నెత్తురూ తీశావు కదా, మాల వేయని నాది బాగాలేదని వచ్చింది, అప్పటినుంచీ మాత్ర మింగుతున్నాను. మీ బావ ఒకటే ఎగతాళి. "చూడవే, వారం వారం మటన్ తినే నాది నార్మలంట. పప్పు తినే నీది చెడిపోయుండాది. నీ కోపమంతా కొవ్వయిపోయిందే" అనేవాడు. నేనూ నవ్వాను.

వేరుశనగ పీకే రోజు మధ్యాహ్నం గట్టు మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా చెమటలు, ఎడమ చెయ్యి లాగుతోందన్నాడు. ఆటో పిలుస్తానంటే ఒప్పుకోలేదు. "గ్యాసేలే, సోడా తెప్పించు. గుండె జబ్బని ముకేశ్ కాగితంలో యాడ ఉండాది?" అన్నాడు. సోడా తాగుతూ సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు. అప్పుడు తిరుత్తణికి, అక్కడి నుంచి ఆంబులెన్సులో తిరువళ్ళూరుకు. ఆలస్యం చేయడం వల్ల గుండె కండరం కొంత పాడైపోయిందని డాక్టరు చెప్పాడు. నీ కాగితం చూపిస్తే, ఈ పరీక్ష ఎప్పుడు చేశారని అడిగాడు. ఆడి నెలలో, మాల మీద ఉన్నప్పుడు అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు. తాగుడూ తిండీ తగ్గిస్తే ట్రైగ్లిజరైడ్లు కొద్ది రోజుల్లోనే దిగిపోతాయట. మంచి కొవ్వు తక్కువగా ఉన్న సంగతి నీ కాగితంలోనే ఉందని, అడుగున చిన్న అక్షరాల మీద వేలు పెట్టి చూపించాడు. పైన అంత పెద్దగా నార్మల్ అని వేస్తే అడుగున ఎవరు చూస్తారు?

ఇప్పుడు అసలు సంగతి విను. ఇంటికి వచ్చాక మీ బావ మాత్రలు మానేశాడు. మానితే స్టెంటు మూసుకుపోతుందని, మనిషి దక్కడని డాక్టరు గట్టిగా చెప్పి పంపినా వినలేదు. "ఆ డాక్టరు ఎవురో నాకు తెలీదు. ముకేశ్ నా చేతుల్లో పెరిగినోడు. వాడు నార్మలని రాసినాక నాకెందుకు మాత్రలు?" అంటాడు. అమ్మ ఏడ్చింది. మనస్వి అన్నం మానేసింది. ఆయన కదల్లేదు. నిన్ను అంతగా నమ్మకపోతే ఈపాటికి బుద్ధిగా మింగేవాడు. నా కోపానికి అదే పెద్ద కారణం.

అందుకని ఒక పని చేశాను. ఇంత తిట్టాక చెప్పడం కష్టంగానే ఉంది. నీ పేరు మీద అబద్ధమాడాను. నువ్వు ఫోను చేశావన్నాను. వ్రతం రోజుల్లో నెత్తురు తీయడం తప్పని ఒప్పుకున్నావన్నాను. ఊళ్ళో అందరి కాగితాలూ వెనక్కి తీసుకుని, ఆదివారం వచ్చి మళ్ళీ పరీక్ష చేస్తావన్నాను. పొద్దంతా ఆయన నీ కాగితం తిరగేస్తూ కూర్చున్నాడు. సాయంత్రం తానే నీళ్ళడిగి మాత్రలు మింగాడు. "వాడు తప్పు చేసినాడంటే నేను నమ్మను. ఆదివారం వొచ్చి నా మొగాన చెప్పనీ. అంతదాకా మింగతా" అన్నాడు.

నీ రిపోర్టు ఏమవుతుందో, మీ పెద్దసారు ఏమంటాడో నాకు అనవసరం. పచ్చయ్యప్ప మామ నీ కాగితానికి లామినేషన్ చేయించి స్వామి పటం పక్కన పెట్టుకున్నాడు. ఆయన ఇంటికీ వెళ్ళాలి నువ్వు. ముందు మీ బావ ఎదుట నిలబడి, తప్పు నాదే బావా అను. రాకపోతే ఆదివారం సాయంత్రానికి నా అబద్ధం బయటపడిపోతుంది. సోమవారం పొద్దున ఎవరి మాట చెప్పి ఆయన చేత మాత్ర మింగించాలో నాకు తెలియదు.

ఇట్లు,
ఇంకా కోపం చల్లారని నీ అక్క,
దేవకి