ఏర్గట్ల చిరునామా

బోధన్,
ఆదివారం.

బాపూ,

నీ బిడ్డ అంకిత దండాలు. అవ్వ, తమ్ముడు, నేను, బర్రె అందరం బాగున్నాం. ఏర్గట్లలో నువ్వూ అత్తా కూడా బాగున్నారనే నమ్ముతున్నాను. అప్పులోళ్ల ఫోన్లు వస్తాయని సిమ్ము తీసి దాచావు, అందుకే ఈ రోజుల్లో కూడా నాతో ఉత్తరం రాయిస్తున్నావు.

అవ్వ మోకాలి నొప్పి తగ్గింది. బర్రె ఈనింది, పెయ్యదూడ. తమ్ముడు నితీష్‌కు నిజామాబాద్ కాలేజీలో సీటు వచ్చింది కానీ చదువు అప్పు రాలేదు. బ్యాంకు మేనేజరు కంప్యూటర్ చూసి, "మీ నాయిన మీద కోర్టు డిక్రీ ఉన్నది, సిబిల్ కూడ పడిపోయింది. గా బాకీ తీరేదాకా ఆయన సంతకం మీద అప్పు ఇయ్యలేం" అన్నాడు.

భోజన్న కాక ట్రాక్టరు అప్పుకు సంతకం పెట్టి జమానతు ఉన్నావు, ఆయన కిస్తులు ఆపేశాడు. నీ తప్పు కాదు. కానీ నోటీసు వచ్చినప్పుడల్లా "ఇంట్ల లేనని చెప్పుండ్రి" అని పెరటి గోడ దూకావు చూడు, అది తప్పు. కాగితం తీసుకోకపోతే కేసు చెల్లదనుకున్నావు. నువ్వు లేకుండానే తీర్పు అయిపోయింది. నువ్వు గోడ దూకావు కానీ వడ్డీ ఇంట్లోనే కూర్చుని పెరుగుతోంది.

కోర్టు కాగితాలు తెచ్చే అమీన్ మళ్లీ వచ్చాడా అని నీ ఉత్తరంలో అడిగావు. వచ్చాడు. ఎండలో వచ్చాడని అవ్వ మంచినీళ్లిచ్చింది. "నీ పెనిమిటిని నేనేం తింటనా అవ్వా? కోర్టుకొచ్చి కిస్తులల్ల కడతనంటే అయిపాయె. రాకుంటెనే పొలం జప్తుకు వస్తది" అన్నాడు. వకీలును అడిగితే ఆయనా అదే చెప్పాడు.

అవ్వ నీ కంచం రోజూ కడిగి బోర్లిస్తోంది. నిన్న అన్నం ముందు కూర్చుని, "ఉప్పెక్కువైందని లొల్లి వెట్టేటోడు లేడు, కూర సయిస్తలేదు" అని ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

బాపూ, ఇంతసేపూ చెప్పలేక ఆపుకున్న మాట ఒకటుంది. అమీన్ లేచి వెళ్తుంటే అత్త ఇంటి చిరునామా నేనే చెప్పాను. ఈ వారంలో అక్కడి కోర్టు మనిషి నీ దగ్గరికి వస్తాడు. తిట్టుకుంటే తిట్టుకో, దూకడం మాత్రం వద్దు. అత్త ఇంటి గోడ మనదానికంటే ఎత్తు. కాగితం తీసుకో, సంతకం పెట్టు, దొరికిన బస్సెక్కి వచ్చెయ్. కోర్టుకు నేనూ వస్తాను, పక్కనే ఉంటాను.

నువ్వొచ్చే రోజు కూరలో ఉప్పు ఎక్కువే వేయమంటాను.

ఇట్లు,
నిన్ను పట్టించిన నీ బిడ్డ,
అంకిత