జిగురు లేని ఆసుపత్రి

పూజ్యులైన మామయ్యకు,

మేనల్లుడు వినయంగా విన్నవించుకునేది. మా ఆసుపత్రిలో కొత్త వార్డు కడుతున్నారు. ప్లానులో మందుల గది ఓ మూలకి పోయింది. పరుగులు పెట్టాల్సిన నర్సులేమో కాగితం చూసి తలలూపుతున్నారు. గోడలు లేచేలోగా వాళ్ల నోళ్లు విప్పించే భారం నా మీద పడింది. అట్టముక్కలతో ఓ నమూనా వార్డు చేసి పంపండి. పనితనం వద్దు.

విధేయుడు,
మీ అల్లుడు

తా.క.: చూడగానే "ఛ, ఇదేం వార్డు" అనిపించాలి.

చిరంజీవి అల్లుడికి,

ఆశీస్సులు. నలుగురూ చూసే వస్తువు వంకరగా చెయ్యడానికి నా చేతులేమైనా పడిపోయాయా? టేకుతో చేశాను. తలుపులు తెరుచుకుంటాయి. మంచాలకు పరుపులు కూడా ఉన్నాయి.

నీ వడ్రంగి మామయ్య

తా.క.: మన ఇంటి మార్పుల్లో తన మాట కూడా వినమని మీ అత్తయ్య పోరు. నేను గీసిందే ఖాయమన్నాను.

మామయ్యకు,

కోపం దిగమింగి నమస్కరిస్తున్నాను. మీ టేకు వార్డుకు అందరూ చప్పట్లు కొట్టారు. హెడ్ నర్సు బుల్లి పరుపు సర్దింది. మందుల గది దూరం కాదా అని నేనే అడిగితే, "ఇంత ముచ్చటగా చేశాక వంకలు పెడితే ఏం బాగుంటుంది బాబూ" అంది. శుక్రవారం ఆఖరి సమావేశం, సోమవారం గోడలు. మీకు పుణ్యముంటుంది, చెత్తగా చేసి పంపండి.

దిక్కుతోచని అల్లుడు

తా.క.: డైరెక్టరుగారు వచ్చినవాళ్లందరికీ ఆ తలుపులు తీసి చూపిస్తున్నారు.

అల్లుడుగారికి,

చెత్తగా చెయ్యమని నన్నడిగిన మహానుభావులు తమరొక్కరే. నా వల్ల కాదు. గోడలు, మంచాలు, మందుల గది విడివిడిగా పెట్టెలో పడేశాను. జిగురు పుయ్యలేదు. తమరే అతికించుకోండి.

ఇట్లు,
ఒకప్పటి మామయ్య

తా.క.: తలుపులు మాత్రం నున్నగా రుద్దాను. మనసొప్పలేదు.

దేవుడిలాంటి మామయ్యకు,

అతికించే తీరిక లేక శుక్రవారం సమావేశంలో పెట్టెను బల్ల మీద గుమ్మరించాను. హెడ్ నర్సు ఓ మంచం పెట్టింది. అలా పెడితే స్ట్రెచర్ తిరగదన్నాడు దాన్ని తోసే ఆయన. "మరి నా కాళ్ల సంగతి?" అంటూ ఆవిడ మందుల గదిని తెచ్చి నడిమధ్య పెట్టింది. ఇక మధ్యాహ్నం దాకా యుద్ధమే. డైరెక్టరుగారు నచ్చని గోడ ఒకటి జేబులో వేసుకుని దొరికిపోయారు. మందుల గది నడిమధ్యనే కడుతున్నారు.

మీ పాదదాసుడు,
అల్లుడు

తా.క.: మీ ఇంటికీ ఓ నమూనా చేసి, ఇలాగే జిగురు లేకుండా అత్తయ్య ముందు పెట్టి చూడండి.

అల్లుడికి,

పెట్టాను. మీ అత్తయ్య నా పనిగది గోడలు పీకి, ఆ చోటు వంటింట్లో కలిపేసింది. పీకిన గోడలు నా చేతిలో పెట్టి, "ఇప్పుడు చర్చించండి" అంది. టేపు తెచ్చి కొలతలతో వాదిద్దామని వరండాలోకి వచ్చాను.

ఇట్లు,
వరండా మామయ్య

తా.క.: నేను తిరిగి లోపలికి వెళ్లేసరికి ఆవిడ జిగురు పూసేసింది.