కుడివైపుది పలకడం లేదు

ప్రియమైన పిట్టకి,

అక్క ఆశీస్సులు. మీ ఆయన జలుబు తగ్గిందా? ఫోన్‌లో అడుగుదామంటే ఈ మధ్య నీ మాట నూతిలోంచి వస్తున్నట్టు ఉంటోంది. మొన్న నువ్వేదో చెప్తే సరిగ్గా వినపడక, ఏదో ఒకటి అనాలి కదా అని "చాలా సంతోషం" అన్నాను. నువ్వు చెప్పింది మీ అత్తగారు జారిపడ్డారనట. తర్వాత మీ ఆయన మెసేజ్ పెడితే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాననుకో. ఆ లైను బాగుపడేదాకా మనం ఉత్తరాలే రాసుకుందాం, మెసేజ్‌లు కొట్టుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు. ఎలాగూ నువ్వు పనిచేసే షాపు నుంచి నాకొక పార్శిల్ కావాలి.

నాకు హెడ్‌ఫోన్స్ చూడు. పొద్దున్న పరుగుకీ, జిమ్‌లోకీ ఒకటే ఉండాలి. పాతవి నేను గంతేసినప్పుడల్లా ఊడిపోతున్నాయి. పైగా గొంతు కూడా పోయింది వాటికి. నా ఏరోబిక్స్ క్లాసు సంగతి నీకు తెలిసిందే. పాట ఎక్కడ ఎత్తుకుంటే అక్కడ నా చెయ్యి లేవాలి, నా వెనక హాలు మొత్తం లేవాలి. జిమ్ ఓనరు ఇప్పుడు వారం వారం పాటలు మార్చమంటున్నాడు. వాటిని పరుగెత్తేటప్పుడు విని విని ఒంట్లోకి ఎక్కించుకోవాలి. ఆ పని తప్ప ఇంకోటి నాకు చేతకాదు కదా.

చవకలో చూడు. చూడ్డానికి ఎలా ఉన్నా ఫరవాలేదు, సౌండు మాత్రం గట్టిగా రావాలి.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

పిట్ట నమస్కారాలు. అత్తగారు లేచి తిరుగుతున్నారు. నీ "చాలా సంతోషం" గురించి వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వుతున్నారు, కాబట్టి నువ్వు సిగ్గుపడక్కర్లేదు.

కౌంటరు దగ్గర అందరికీ చెప్పేదే నీకూ చెప్తాను, విను. గిన్నెలు బోర్లించినట్టు చెవి మొత్తం మూసేవి నీకొద్దు. సౌండు బాగుంటుంది గానీ పరుగెడితే చెవులు ఉడికిపోతాయి, మెత్తలు చెమట పీల్చి కంపు కొడతాయి. గింజల్లా విడివిడిగా ఉండేవి ముద్దుగా ఉంటాయి గానీ, చవకరకంవి ఒకటి ఊడి పడిపోయిందంటే రెండోది ఎందుకూ పనికిరాదు. నీకు పంపుతున్నవి చెవి మీద కొక్కెంలా కూర్చుంటాయి, రెంటికీ మధ్య మెడ వెనక వైరు ఉంటుంది. నువ్వు కోతిలా గెంతినా కదలవు. చెమటకి తట్టుకుంటాయని డబ్బా మీద రాసి ఉన్నవే ఏరాను.

రబ్బరు తొడుగులు మూడు సైజులవి పెట్టాను. నీ చెవికి బిగుతుగా పట్టేది చూసుకో. వదులైతే సౌండు సగం బయటికే పోతుంది. రోడ్డు మీద పరుగెత్తేటప్పుడు మాత్రం సౌండు తగ్గించు తల్లీ. వెనక వచ్చే బండి వినపడాలి కదా.

ఉంటాను,
నీ పిట్ట

*

ప్రియమైన పిట్టకి,

పార్శిల్ అందింది. కొక్కెం బాగా కూర్చుంది, మెడ వెనక వైరు కూడా ఇబ్బందిగా లేదు. కానీ కుడివైపుది పలకడం లేదే. మూడు తొడుగులూ మార్చి చూశాను, రాత్రంతా చార్జింగ్ పెట్టి చూశాను. ఎడమది పలుకుతోంది గానీ, అదీ నసుగుతున్నట్టే ఉంది. సౌండు చివరికంటా పెట్టాల్సి వస్తోంది. చవకదంటే ఇంతేనేమో అనుకున్నాను గానీ, కొత్త వస్తువు కదా, ఊరుకోవడం ఎందుకని నీకు తిప్పి పంపుతున్నాను.

సరిగ్గా వినలేకపోవడం వల్ల కొత్త పాట నాకు వంటబట్టలేదు. క్లాసులో ఒక చోట ఆలస్యంగా ఎత్తుకున్నాను. ముందు వరసలో మన టైలరమ్మ పెదాలతో ఒకటి, రెండు అని లెక్క పెడుతూ చేస్తుంది. అద్దంలో ఆవిడని చూసి సర్దుకున్నాను. మంచి మనిషి. నా జాకెట్లు కుట్టిన డబ్బుల కోసం కూడా ఎప్పుడూ ఒత్తిడి చెయ్యదు.

ఈసారి బాగా చూసి పంపు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

తిప్పి పంపినవి మా ఓనరు మొహం ముడుచుకునే తీసుకున్నాడు. ఇప్పుడు వేరే రకం పంపుతున్నాను. ఇవి చెవిలోకి దూరవు. చెవి ముందు ఎముక మీద ఆనుకుని, అక్కడినుంచే పాట లోపలికి పంపుతాయి. చెవి తెరిచే ఉంటుంది కాబట్టి రోడ్డు మీద నీకు భయం లేదు. వీటిలో చవకవి దొరకడం కష్టం, డబ్బా కాస్త నలిగిందని తగ్గించి ఇచ్చారు. నేనే పెట్టుకుని చూశాను, రెండు వైపులా బాగున్నాయి.

ఒకసారి ఇటు రాకూడదూ? చూసి చాలా రోజులైంది.

నీ పిట్ట

*

పిట్టా,

ఇవీ అంతే, తిప్పి పంపుతున్నాను. కుడివైపు ఎముక మీద వణుకు తెలుస్తోంది గానీ పాట లేదు. నువ్వు పెట్టుకుని చూశానన్నావు. నిజంగా చూశావా? అమ్ముడుపోని సరుకు అక్కకి అంటగడదామనుకున్నావా?

నిన్న పాట ఆగిపోయిన చోట నేను చెయ్యెత్తాను. హాల్లో నా అడుగు ఒక్కటే పడింది. వెనక ఎవరో కొత్తమ్మాయి నవ్వింది. ఓనరు గదిలోకి పిలిచి, ఒంట్లో బాగుండటం లేదా అని అడిగాడు. హెడ్‌ఫోన్స్ సరైనవి దొరక్క పాటలు నేర్చుకోలేకపోతున్నానని చెప్పాను. నా మొహం ఎక్కడ పెట్టుకోను?

ఇంక నాకేమీ పంపకు. నేనే ఎక్కడో కొనుక్కుంటాను.

అక్క

*

ప్రియమైన అక్కకి,

నువ్వు తిట్టినందుకు నాకేమీ బాధ లేదు. వేరే సంగతి రాయాలి. ఎలా రాయాలో తెలియక రెండు కాగితాలు చింపేశాను.

నువ్వు పంపిన రెండు జతలూ మా షాపులో రిపేర్లు చేసే మావయ్యకి ఇచ్చాను. ఆయన మిషను మీద పెట్టి చూసి, వీటికి ఏ రోగమూ లేదమ్మా అన్నాడు. నమ్మక నేను మొదటి జత చెవిలో పెట్టుకున్నాను. నువ్వు పెట్టిన సౌండు దాంట్లో అలాగే ఉంది. చెవిలో సూది దిగినట్టయి లాగి పారేశాను. షాపులో అందరూ నావైపు చూశారు. అక్కా, నువ్వు రోజూ అంత సౌండుతో వింటున్నావా? అంత పెట్టినా నీకు నసుగుతున్నట్టే ఉందా?

మా ఇంటి ఫోన్‌లో అందరి మాటా అందరికీ బాగానే వినపడుతోంది. నీకొక్కదానికే నూతిలోంచి వచ్చినట్టు ఉంటోంది.

ఆ జత మళ్ళీ నీకే పంపుతున్నాను. కోపం పక్కన పెట్టి నా కోసం ఒక్క పని చెయ్యి. కుడిది ఎడమ చెవికీ, ఎడమది కుడి చెవికీ పెట్టుకుని విను. కొక్కెం సరిగ్గా కూర్చోదు, చేత్తో పట్టుకో. ఏం వినపడిందో రాయి. నేననుకుంటున్నది తప్పయితే వచ్చి నా వీపు విమానం మోత మోగించు.

నీ పిట్ట

*

ప్రియమైన పిట్టకి,

ఇన్నాళ్ళూ జవాబు రాయలేదని బెంగపెట్టుకుని ఉంటావు. నీ పార్శిల్ అందిన రోజే నువ్వు చెప్పినట్టు చేశాను. జిమ్‌లో బట్టలు మార్చుకునే గదిలో, తడి తువ్వాళ్ళ బుట్ట పక్కన కూర్చుని, అటుది ఇటూ ఇటుది అటూ పెట్టుకున్నాను. ఇన్నాళ్ళూ పలకదనుకున్నది ఎడమ చెవిలో శుభ్రంగా పలికింది. పలికేది కుడి చెవి దగ్గరికి వచ్చి నోరు మూసుకుంది. నమ్మబుద్ధి కాక మళ్ళీ మార్చాను. అలా మారుస్తూనే కూర్చున్నాను. ఎవరో తలుపు కొట్టారట, అదీ నాకు తెలియలేదు.

చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. గాజు గదిలో కూర్చోబెట్టి, చప్పుడు వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. మీట పట్టుకుని ఎదురుచూస్తూ ఉండిపోయాను. తలుపులు మూసిన హాల్లో ఇన్నేళ్ళూ నా కుడి భుజం పక్కనే నిలువెత్తు స్పీకరు ఉంది కదా, దానికి లోపలి నరం చచ్చిపోయిందట. ఎడమదీ అదే దారిలో ఉందట. "పోయింది తిరిగి రాదమ్మా" అన్నాడు. నేనేమీ మాట్లాడకపోయేసరికి వినపడలేదనుకుని, ఇంకోసారి గట్టిగా చెప్పాడు. నాకు మొదటిసారే వినపడింది పిట్టా.

చెవి మిషను పెట్టుకుంటే మాటలు కొంతవరకు తెలుస్తాయట. పాట మాత్రం రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టు ఉంటుందని ఆయనే చెప్పాడు.

క్లాసు మానేస్తానని ఓనరుకి నేనే చెప్పాను. ఆయన వద్దనలేదు. రిసెప్షన్‌లో కూర్చో, ఫోన్లు ఎత్తుదువుగాని అన్నాడు. తర్వాత తనే నాలుక కరుచుకున్నాడు. బయటికి వస్తుంటే టైలరమ్మ నా చెయ్యి పట్టుకుని, నా మొహానికి ఎదురుగా నిలబడి, "మాకు ఎండాకాలం నుంచీ తెలుసు. మీరు బాధపడతారని లెక్క మేమే పెట్టుకుంటూ వచ్చాం" అంది. హాలు మొత్తాన్ని నేను ఆడిస్తున్నాననుకున్నానే. అన్నాళ్ళూ వాళ్ళు నన్ను మోస్తూ వచ్చారు. ఆవిడ మంచితనానికి దణ్ణం పెట్టాలి గానీ, ఆ క్షణంలో ఆ చెయ్యి విదిలించుకుని వచ్చేశాను.

ఇప్పుడు రోడ్డు మీద పరుగెత్తడం లేదు. మైదానంలో కంచె పక్కన తిరుగుతున్నాను. చెవిలో ఒకటే ఈల, నిద్రలో కూడా వదలదు. నా అడుగుల చప్పుడు నాకే తెలియడం లేదు. ఎవరిదో ఒళ్ళు పరుగెడుతుంటే నేను పక్కన నిలబడి చూస్తున్నట్టు ఉంటుంది. రెండు చుట్లు తిరిగేసరికి దేనికిదంతా అనిపించి కూర్చుండిపోతాను. నీకు అబద్ధం ఎందుకు చెప్పాలి, పొద్దున్న లేవాలనే అనిపించడం లేదు.

ధైర్యంగా ఉండమని మాత్రం రాయకు. ఇంకే వస్తువూ పంపకు. నువ్వే రా. ఎడమ చెవిలో ఇంకా కాస్త మిగిలి ఉంది. కిటికీలు మూసేస్తాను, ఫ్యాను ఆపేస్తాను. నువ్వు నాకు ఎడమపక్కన కూర్చుని ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు. మీ అత్తగారి మీద చాడీలైనా సరే. నీ గొంతు ఎలా ఉంటుందో నేను ఎప్పుడూ శ్రద్ధగా వినలేదు పిట్టా. ఎప్పుడైనా వినొచ్చులే అనుకున్నాను.

త్వరగా రా.

నీ అక్క