శనివారం దాకా నోరు మూసుకోవాలి

సోమవారం, పొద్దున

మా చిన్నమ్మాయి సభలో మాట్లాడబోతోంది! స్టేజీ మీద, మైకు ముందు, అరగంట సేపు!

ఈ ఒక్క మాట రాసుకోవడానికే ఈ డైరీ తీశాను. మందుల షాపాయన కొత్త సంవత్సరానికి ఊరికే ఇచ్చిన డైరీ. ఇన్నాళ్లూ కిటికీ రెక్క కొట్టుకోకుండా అడ్డం పెట్టాం. ఇవాళ రెక్క కొట్టుకుంటే కొట్టుకోనీ.

అమ్మాయి పొద్దున్నే నా మంచం పక్కన కూర్చుని చెప్పింది. వాళ్లమ్మ కంటే ముందు నాకు. చిన్నప్పటి నుంచీ అంతే. పన్ను ఊడినా, పరీక్ష పాసైనా, ఉద్యోగం వచ్చినా మొదటి కబురు నాకే. ఆ ఒక్క విషయంలో నేను మహారాజుని.

సభ దేని గురించంటే, ఓపెన్ డేటా. నాది ఏడో తరగతి చదువు. రెండుసార్లు చెప్పించుకున్నాను. అర్థమైనంత రాస్తున్నాను. ఊరి సంగతులన్నీ ఆఫీసుల్లో రాసి పెడతారు. మన పన్నులతోనే రాస్తారు. రాసి బీరువాలో పెట్టేస్తారు. వాటిని అందరూ చూసేలా బయట పెట్టమని అడిగేవాళ్లు, వాటితో జనానికి పనికొచ్చేవి తయారుచేసేవాళ్లు ఏటా ఒకసారి కూడుతారు. అదే ఈ సభ. ఎవరూ జీతానికి చెయ్యరు. మా అమ్మాయి వారమంతా ఆసుపత్రిలో బిల్లులు కొడుతుంది. సెలవు రోజు స్నేహితులతో తిరిగి ఊళ్లోని పబ్లిక్ మరుగుదొడ్ల మ్యాపు చేసింది. ఏది ఎక్కడుంది, ఏది తెరిచి ఉంది, ఎక్కడ నీళ్లొస్తాయి, అన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి.

అవును, మరుగుదొడ్లే. నవ్వేవాళ్లు నా వయసు వచ్చాక బజారులో ఒక పూట తిరిగి చూడండి.

ఒక మెలిక ఉంది. వీళ్ల మ్యాపులో ఉన్నవి వీళ్లు నడిచి చూసినవే. ఊరంతటి జాబితా మునిసిపల్ ఆఫీసులో ఉంది. అక్కడ పారిశుద్ధ్యం చూసే మేడం దాన్ని శనివారం స్టేజీ మీదే అమ్మాయి చేతికిస్తానంది. పై అధికారి సంతకం ఇంకా కాలేదు. ఆయన భయస్థుడట. ముందే గోలయితే వెనక్కి తగ్గుతాడట.

"నాన్నా, శనివారం దాకా ఎవరికీ చెప్పకు," అంది.

నిర్ణయం: శనివారం దాకా నోరు విప్పను.

ఈ నిర్ణయం మా ఆవిడకి చెప్పాను. ఆవిడ నవ్విన నవ్వుకి చేతిలో గరిటె జారింది. ఎందుకు నవ్విందో నాకు తెలుసు. నేను ఉద్యోగమంతా ఆరంతస్తుల ఆఫీసులో లిఫ్టు నడిపాను. మనుషులతో పాటు మాటల్నీ పైకీ కిందికీ మోసినవాణ్ణి. కానీ రిటైరయ్యాను కదా. చూద్దాం.

సోమవారం, సాయంత్రం

ఒక్కరికీ చెప్పలేదు. ఎంత తేలిక! జనం ఎందుకు ఇదేదో కష్టమైన పనిలా మాట్లాడతారో.

(ఇవాళ ఇంట్లోంచి కదల్లేదు. అయినా లెక్కలోకే వస్తుంది.)

మంగళవారం

టీ కొట్టుకి వెళ్లాను. ముందుగా మొహం గంభీరంగా పెట్టుకుని మరీ వెళ్లాను. టీ కొట్టాయన గ్లాసు చేతికిస్తూ, ఏంటి అలా నవ్వుతున్నారు అన్నాడు. పన్ను నొప్పి అన్నాను.

"పన్ను నొప్పికి నవ్వే మనిషిని మిమ్మల్నే చూశా పెద్దాయనా," అన్నాడు.

అక్కడితో ఆపాల్సింది. శనివారం ఒక విశేషం ఉందిలే అన్నాను. అంతే. ఇది చెప్పినట్టు కాదు. విశేషాలు ఎవరికుండవు?

సాయంత్రానికి ఎదురింటావిడ వచ్చి చిన్నమ్మాయికి సంబంధం కుదిరిందటగా, అబ్బాయి ఏం చేస్తాడు అని అడిగింది. మా ఆవిడ నా వైపు చూసిన చూపు రాయలేను. అమ్మాయి పరువు సంగతి కాబట్టి దిద్దక తప్పలేదు. పెళ్లి కాదు, సభ అన్నాను. ఏం సభో చెప్పలేదు. సగమే చెప్పాను. సగం దాచినవాడు దాచినవాడి కిందే లెక్క.

అమ్మాయిని ఒకటి అడిగాను. అన్నీ అందరికీ తెలియాలనే సభ గురించి ఎవరికీ తెలియకూడదంటే ఎలా అని. వాదన బాగుంది కానీ ఊరుకోమంది.

బుధవారం

తమ్ముడు ఫోన్ చేశాడు. వాడి కొడుకు కారు కొన్నాడు. దాని రంగు గురించి చెప్పాడు. సీట్ల గురించి చెప్పాడు. వెనక్కి వెళ్లేటప్పుడు అది చేసే చప్పుడు నోటితో చేసి వినిపించాడు. పళ్ల బిగువున విన్నాను. నిజంగా చాలాసేపే విన్నాను. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాలి.

తర్వాత చెప్పేశాను.

వాడు నా రక్తం. రక్తానికి చెబితే బయటికి చెప్పినట్టు కాదు. పైగా ఎవరికీ చెప్పనని వాడి చేత మాట తీసుకున్నాను. వాడూ నా తోడబుట్టినవాడే, ఆ మాట ఎంత గట్టిదో నాకు తెలియంది కాదు.

ఒక్క పొరపాటు జరిగింది. మునిసిపల్ ఆఫీసువాళ్లు మరుగుదొడ్ల జాబితా అమ్మాయి చేతికిస్తున్నారు అని చెప్పబోయాను. ఆ కారు ముందు జాబితా అన్న మాట ఆనలేదు. ఒక కాగితం కోసం ఇంత సంబరమా అన్నట్టు ఉంటుంది. అందుకని ఆ మాట వదిలేశాను. ఊళ్లో మరుగుదొడ్లు మా అమ్మాయి చేతికిస్తున్నారు అన్నాను.

"అన్నీనా అన్నయ్యా?" అన్నాడు.

"అన్నీనే," అన్నాను.

ఎంత హాయిగా ఉందో. వాడు కారు మాట మళ్లీ ఎత్తలేదు.

గురువారం

ఇవాళ్టివి రాస్తాను. దాచడం దేనికి.

మంగలి షాపు: గడ్డం కింద కత్తి పెట్టి ఏంటి విశేషాలు అంటే ఏ మనిషి అబద్ధమాడతాడు?

మందుల షాపు: డైరీ ఇచ్చిన మనిషి. కృతజ్ఞత ఉండాలి.

లిఫ్టు: పాత ఆఫీసు దారిలోనే ఉంది, పలకరిద్దామని ఎక్కాను. ఆరో అంతస్తుకి చేరేలోపు ఆరుగురికి చెప్పాను. దిగేటప్పుడు వాళ్లే నాకు చెబుతున్నారు. నా కాలంలో కూడా ఇంత వేగం లేదు.

కూరగాయలావిడ: బజారులో ఈవిడ బండి ఎదురుగానే ఒక మరుగుదొడ్డి ఉంది. తాళం వేసి ఎన్నాళ్లయిందో ఎవరికీ గుర్తులేదు. నేను చెప్పగానే చేతిలో తక్కెడ కింద పెట్టేసింది.

"నిజంగా శనివారం తీస్తారా బాబాయ్?"

తీస్తారని నేను అనలేదు. కాదని కూడా అనలేదు. ఆవిడ మొహం చూసి కాదనడానికి నోరు రాలేదు. నాలుగు వంకాయలు ఊరికే వేసింది. తీసుకున్నాను కూడా.

సాయంత్రం టీ కొట్టు దగ్గర నాకే వార్త చెప్పారు. శనివారం ఊళ్లో మూసేసిన మరుగుదొడ్లన్నీ తెరుస్తారట. ఒకమ్మాయి తెరిపిస్తోందట. మునిసిపాలిటీకి ఫోన్ చేసి ఎన్నింటికి తెరుస్తారో కనుక్కుంటున్నారట. ఎవరా అమ్మాయి అని అడగాల్సిన అవసరం నాకు లేదు.

వంకాయలు రుచిగా ఉన్నాయని మా ఆవిడ అంది. నేను మజ్జిగ అన్నంతో సరిపెట్టుకున్నాను.

శుక్రవారం

అమ్మాయి ఆసుపత్రి నుంచి వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చుంది. మేడం ఫోన్ చేసిందట. పొద్దుటి నుంచీ ఆఫీసుకి ఒకటే ఫోన్లు. ఫలానా వీధిది తెరుస్తున్నారా, మా వీధిది ఎందుకు తెరవరు అని. పై అధికారి బెదిరిపోయాడు. సంతకం పెట్టనన్నాడు. జాబితా రాదు.

"నాన్నా, నువ్వు ఎవరికైనా చెప్పావా?"

ఎవరెవరికి చెప్పానో వరసగా చెప్పాను. మధ్యలో ఆపుతుందేమోనని చూశాను. ఆపలేదు. మంగలి షాపు దాకా వచ్చేసరికి నాకే వినబుద్ధి కాలేదు.

అరిస్తే బాగుండేది. అరవలేదు.

"ఇకనించి అన్నీ అయిపోయాకే చెప్తాన్లే నాన్నా," అంది.

లోపలికి వెళ్లి వాళ్లమ్మతో మెల్లగా ఏదో మాట్లాడింది. ఇద్దరూ ఏదో చెప్పుకుంటున్నారు. అది వాళ్లమ్మకి ముందు, నాకు తర్వాత. అసలు నాకు లేదేమో.

శనివారం

అమ్మాయి రమ్మనలేదు. మా ఆవిడ లాక్కెళ్లింది.

కాలేజీ హాలు. ఒళ్లో కంప్యూటర్లు పెట్టుకున్న పిల్లలు, కాగితం కప్పుల్లో టీ, గోడ నిండా మ్యాపులు. గుమ్మం దగ్గర ఒక పిల్ల స్టిక్కరు ఇచ్చి పేరు రాసి చొక్కాకి అంటించుకోమంది. 'వాళ్ల నాన్న' అని రాశాను. అంటించుకున్నాక మొహం చెల్లక పీకి జేబులో వేసుకున్నాను.

చివరి వరసలో కూర్చుని తల తిప్పితే ఏముంది, మంగలి. వాడి పక్కన టీ కొట్టాయన. కూరగాయలావిడ బజారులో నలుగురైదుగురు ఆడవాళ్లని వెంటేసుకుని వచ్చింది. అందరూ తాళాలు తీయడం చూడ్డానికి వచ్చారు. కంప్యూటర్ల పిల్లలు ఇంత జనాన్ని చూసి మురిసిపోతున్నారు.

అమ్మాయి ఎంత బాగా మాట్లాడిందో! తడబాటు లేదు. మైకు బల్ల మీద చెయ్యి పెట్టి, తెర మీద చుక్కలు చూపిస్తూ, ఇది తెరిచి ఉంది, ఇది మూసి ఉంది, ఇదసలు ఉందో లేదో ఆఫీసు చెప్పాలి అంది. జాబితా ఇవాళ వస్తుందనుకున్నాం, రాలేదు అంది. ఎందుకు రాలేదో చెప్పలేదు. నా పేరెత్తలేదు.

కూరగాయలావిడ లేచింది. మా బజారుది ఇవాళే తీస్తారని చెప్పారమ్మా అంది. ఎవరు చెప్పారు అని అమ్మాయి అడగలేదు. నా దగ్గర తాళాలు లేవు, జాబితా అడగడం వరకే నా చేతిలో ఉంది అని నెమ్మదిగా చెప్పింది. అప్పుడు నేను లేవాలి. ఈ గొడవంతా నా నోటి వల్ల అనాలి. వారమంతా ఆగని నోరు అప్పుడు మాత్రం పెగల్లేదు.

తర్వాత జరిగింది రాయకపోతే డైరీకి అన్యాయం. భయమో, టీయో, వయసో, నాకు అర్జెంటయింది. వెళ్లి చూస్తే హాలు మరుగుదొడ్డికి తాళం. వాచ్‌మన్ని అడిగితే, సభ ఉంది కదా, పాడవకూడదని వేశామండి అన్నాడు. తాళంచెవి కోసం మనిషి వెళ్లాడు. ఈలోపు తలుపు ముందు వరస పెరిగింది. నా వెనక మంగలి. ఆడవాళ్ల వైపు మా ఆవిడ, బజారు వాళ్లు, మెడలో ఆఫీసు కార్డుతో ఒకావిడ. ఆ కార్డు చదివాను. పారిశుద్ధ్యం మేడం ఆవిడే.

ఆవిడ కూడా కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది.

కూరగాయలావిడ ఆవిడతో అంది, "మేం పొద్దున్నుంచీ మంచినీళ్లు తాగం మేడం. తాగితే వెళ్లాలి కదా. ఎండాకాలం కూడా అంతే."

మేడం చేతిలో ఉన్న నీళ్ల సీసా సంచిలో పెట్టేసుకుంది.

చివరికి తాళంచెవి వచ్చింది. ఇంటికొచ్చే దారి పొడుగునా అమ్మాయి నాతో మాట్లాడలేదు. నేనూ కదిలించలేదు. ఈ వారంలో నేను ఎవరితోనూ మాట్లాడకుండా గడిపిన మొదటి గంట.

మంగళవారం

టీ కొట్టుకి వెళ్లలేదు. గడ్డం పెరిగింది.

అమ్మాయి ఫోన్ మోగితే గదిలోకి వెళ్లి మాట్లాడుతోంది. తలుపు దగ్గరికి వేసుకుని. నేను రేడియో పెంచుతున్నాను, వినడం లేదని తెలియాలని.

గురువారం, సాయంత్రం

ఇప్పుడే!

అమ్మాయి వచ్చింది. చెప్పులతోనే నా గదిలోకి వచ్చింది. మంచం పక్కన కూర్చుంది.

"నాన్నా, బజారు వార్డు జాబితా ఇచ్చారు. మిగతా వార్డులవి ఒక్కొక్కటే ఇస్తారట."

ఎలా అన్నాను. ఆఫీసుకి ఫోన్లు ఆగలేదట. బజారు ఆడవాళ్లు వంతులేసుకుని చేస్తున్నారట. ఇప్పుడు వాళ్లు తాళం తీయమనడం లేదట, జాబితా చూపించమంటున్నారట. మేడం ఆ హాలు తలుపు సంగతి పై అధికారికి చెప్పి, కాగితం ఆయన ముందు పెట్టిందట. ఆయన సంతకం పెట్టాడు.

"అంటే నువ్వు మంచే చేశావని అనుకోకు," అంది.

అనుకోవడం లేదన్నాను. (అనుకున్నాను. కొంచెమే.)

"ఇంకా ఎవరికీ చెప్పలేదు. ముందు నీకే చెప్తున్నా."

నాకు కళ్లు కనిపించలేదు. ఎవరికీ చెప్పనమ్మా, చచ్చినా చెప్పను అన్నాను.

"చెప్పు నాన్నా. ఈసారి జనం కావాలి. జాబితాలో ఉన్నవి నిజంగా ఉన్నాయో లేవో వీధికొకరు వెళ్లి చూడాలి. అందరికీ చెప్పు. కానీ నేను చెప్పినంతే చెప్పు."

నిర్ణయం, ఈ సాయంత్రం నుంచి: అది చెప్పినంతే చెబుతాను. మాట కలపను, మాట తీసెయ్యను. ఒక్క వార్డు. జాబితా. జాబితా. జాబితా.

వెంటనే చెప్పాల్సినవాళ్లు:

పెద్దక్క. చెవుడు. గట్టిగా చెప్పాలి, వీధికీ వినిపిస్తుంది, మంచిదే.

రెండో బావగారు. మోకాళ్ల నొప్పులు, కానీ వాళ్ల వీధి వరకు చూడగలడు.

మేనల్లుడు, మేనకోడలు. సైకిళ్లున్నాయి.

తోడల్లుడు. అన్నిటికీ ఓస్ ఇంతేనా అంటాడు. ఒక్క వార్డంటే ఆనదు. రెండు అందాం.

(కొట్టేశాను. ఒక్కటే.)

పెద్దమ్మాయి, అల్లుడుగారు.

వియ్యపురాలు. ఈవిడకి చెబితే మిగతా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. అయినా నేనే చెబుతాను.

మా ఆవిడ. వంటింట్లో ఉంది. ఇంకా తెలియదు. లేస్తున్నాను.