ప్రిన్సిపాల్‌ను అడిగిన ప్రశ్న

12 ఫిబ్రవరి 2007, సోమవారం. అబుధాబి.

ఆయేషాకు ఆటిజం. మూడో తరగతి. ప్రోగ్రెస్ కార్డులో జనవరి హాజరు నూటికి నూరు. కానీ ఆ నెలలో ఏ రోజూ ఆ పిల్ల గంటకు మించి బడిలో లేదు. పొద్దున్నే పేరు పిలిచి హాజరు వేసుకుంటారు. తర్వాత, చూసుకునే టీచర్ లేరని ఇంటికి పంపేస్తారు. వాళ్లమ్మ షాహీనా గేటు దగ్గరే కాచుకుని ఉంటుంది.

నిన్న మా పత్రికలో వార్త కోసం బనియాస్‌లో వాళ్లింటికి వెళ్లి కార్డు చూశాను. వచ్చేటప్పుడు షాహీనా ఒకటే అడిగింది.

"మా పాప పేరు పేపర్లో రాయొద్దన్నా. రిజిస్టర్లో పేరన్నా ఉండాది. అదీ కొట్టేస్తే ఖలాస్, ఇంకే స్కూలూ తీసుకోదు."

రాయనని మాటిచ్చాను.

ఈ రోజు మధ్యాహ్నం, ఎప్పుడూ చేసేదే, వివరణ కోసం ప్రిన్సిపాల్‌కు ఫోన్ చేశాను. పేరు చెప్పలేదు. మూడో తరగతిలో ఆటిజం ఉన్న పిల్లకు హాజరు వేసి ఇంటికి పంపుతున్నారా అని మాత్రం అడిగాను.

"మీ దగ్గరికి ఎవరొచ్చారో అర్థమైంది లెండి" అన్నారాయన.

అప్పుడు తట్టింది. ఆ తరగతిలో అలాంటి పిల్ల ఒక్కతే.

సాయంత్రం షాహీనా ఫోన్ చేసింది.

"అన్నా, రేపు మా ఇద్దర్నీ రమ్మన్నాడు ప్రిన్సిపాలు! టీచర్ని పెడతారేమో. మా ఆయన ఖోర్ ఫక్కాన్‌లో డ్యూటీ వదిలి వస్తా ఉండాడు."

"మంచిదమ్మా" అన్నాను.

రేపు పొద్దున ఏడున్నరకు వాళ్లు బడికి వెళతారు. ఆలోపే ఫోన్ చేసి నేను చేసింది చెప్పాలి. ఏమని మొదలుపెట్టాలో...