ఐదు నిమిషాల శుద్ధప్రతి

నవంబరు 3

కొత్త డైరీ. వ్యాసానికి ఉపోద్ఘాతం ఉన్నట్టు డైరీకీ ఉండాలి కనుక మనుషుల్ని పరిచయం చేస్తాను. ఈ ఇంట్లో ముగ్గురం. నేను, నా భార్య, మా అమ్మాయి కూతురు బుల్లి. బుల్లికి ఇరవై మూడేళ్ళు. ఇక్కడి ఆసుపత్రిలో స్పీచ్ థెరపీ విభాగంలో సహాయకురాలు. మాట పోయినవారికి, మాట తడబడేవారికి చికిత్స చేసే చదువు ఒకటుంది, స్పీచ్ లాంగ్వేజ్ పాథాలజీ. అందులో పీజీ చేయాలని దాని పట్టుదల.

ఈరోజు మళ్ళీ అప్లికేషన్లు మొదలుపెట్టింది. పోయినేడు మూడు కళాశాలలూ కాదన్నాయి. ఈ చదువు ఎందుకు కావాలో అది రాసుకున్న స్టేట్‌మెంటును దిద్దింది నేనే. ఇంటర్వ్యూలో ఒకాయన ఆ కాగితం చదివి, ఇది రాసిన పెద్దాయన రాలేదా అమ్మా అని అడిగాడట. బుల్లి నవ్వుతూ చెప్పింది. నేను నవ్వలేదు. ఆ వ్యాసంలో ఒక్క దోషం లేదు.

ఈసారి చూపించమన్నాను. వద్దులే తాతయ్యా, నీ పెన్ను తగిలితే నాకు డెబ్బై ఆరేళ్ళొచ్చేస్తాయి అంది.

మా అల్లుడు ఫోనులో ఖరారు చేశాడు. ఈసారీ సీటు రాకపోతే వాళ్ళ ఊరు వెళ్ళి, ఆయన స్నేహితుడి ఆఫీసులో చేరాలి. సరే నాన్నా అంది బుల్లి. ఆ సరే అనడంలో గొంతు పలచబడింది. అది నాకు వినిపించింది. ఆయనకు వినిపించలేదేమో.

నవంబరు 6, ఉదయం 7

నా భార్య గురించి రాయకుండా మూడు రోజులు తప్పించుకున్నాను.

ఫిబ్రవరిలో స్ట్రోక్ వచ్చింది. కుడిచేయి కొంత కోలుకుంది. మాట కోలుకోలేదు. అఫేసియా అన్నారు. అన్నీ అర్థమవుతాయి. చెప్పదలచుకున్నది మనసులో ఉంటుంది. నోటిదాకా రాదు. వచ్చినా తునకలుగా వస్తుంది.

ఆమె మాటకు మాట అప్పజెప్పే మనిషి. ముప్పై ఆరేళ్ళు పిల్లలకు వ్యాకరణం చెప్పిన నేను ఇంటికొచ్చి ఏనాడూ ఆమెమీద ఒక్క వాదన గెలవలేదు. మాస్టారూ, మీ సూత్రాలు బడిలో వదిలేసి కాళ్ళు కడుక్కోండి అనేది. ఊరంతా మాస్టారు అని గౌరవంగా పిలిచే పిలుపును ఆమె నోట వెక్కిరింతగా విన్నాను. ఇప్పుడు ఆ వెక్కిరింతకు మొహం వాచిపోయాను.

మాటలు ఎక్కడికీ పోలేదు మాస్టారూ, బీరువాలోనే ఉన్నాయి, తాళంచెవి ఎక్కడ పెట్టారో గుర్తు రావడం లేదంతే అని ఆసుపత్రి థెరపిస్టు మేడమ్ అంటుంది. ఉపమానం బాగానే ఉంది. కాని తాళంచెవి పోతే తాళం పగలగొడతారు కదా అన్నాను. పగలగొట్టరు, వెతుకుతున్నవాళ్ళ పక్కన కూర్చుంటారు అంది.

నవంబరు 9

నాలుగు కళాశాలలు. డెడ్‌లైన్ డిసెంబరు 20. నలభై ఒక్క రోజులు.

నవంబరు 17

నాలుగింటిలో బుల్లి మనసు పెట్టుకున్నది రెండో కళాశాల మీద. అక్కడ చదువూ ఆసుపత్రీ ఒకే ఆవరణలో ఉన్నాయి. మొదటి నెల నుంచే రోగుల దగ్గర కూర్చోబెడతారట. ఆ కళాశాల వాళ్ళు మార్కులు, సిఫారసు ఉత్తరాలు కాక మరొకటి అడుగుతారు. మాట దెబ్బతిన్న ఒక మనిషితో ఐదు నిమిషాల రికార్డింగు, విన్నది విన్నట్టు రాసిన ప్రతి.

బుల్లి వాళ్ళ అమ్మమ్మను అడిగింది. పక్కన కూర్చుని, కాగితంలో ఏముందో రెండుసార్లు చదివి వినిపించింది. ఇష్టం లేకపోతే లేదని చెప్పు అమ్మమ్మా, నేనేం అలగను అంది. ఆమె తల ఊపింది. ఎడమచేత్తో సంతకం పెట్టింది. బడిలో చేరిన పిల్ల రాసినట్టుంది ఆ సంతకం.

మీ కొత్త కాపురం గురించి చెప్పు అని అడిగింది బుల్లి. నేను పక్కగదిలో ఉన్నాను. ఒక నిమిషం విన్నాను. తరవాత పెరట్లోకి వెళ్ళి, తడిసి ఉన్న మొక్కలకే మళ్ళీ నీళ్ళు పోశాను.

డిసెంబరు 18

బుల్లికి ఆసుపత్రిలో వరుసగా రెండు షిఫ్టులు పడ్డాయి. దానికి తెలుగు టైపింగు నత్తనడక. నేను రిటైరయ్యాక నేర్చుకుని, ఈ వీధిలో ఎవరికీ రానంత వేగంగా చేస్తాను. పొద్దున రికార్డింగు చేతిరాత ప్రతి నా బల్లమీద పెట్టింది. ఉన్నది ఉన్నట్టు కొట్టు తాతయ్యా, నమ్మి నీ చేతిలో పెడుతున్నా అంది. చెప్పులు వేసుకుంటూ మళ్ళీ వెనక్కొచ్చి, ఉన్నది ఉన్నట్టు అంది. వేలు చూపించింది కూడా. నేను ఎనిమిదో తరగతి కుర్రాళ్ళకు చూపినట్టు.

సాయంత్రం 4

కొట్టాను.

మొదట ఉన్నది ఉన్నట్టే కొట్టాను. ఇలా ఉంది:

ఇ... ఇల్లు. (7) గది. ఒక... ఒక (4) కిటి... కాదు. కిటికీ. (11) వాన. బల్ల. (5) ఇలా... ఇలా.

బ్రాకెట్లలోవి సెకన్లు. ఆమె ఎంతసేపు ఆగిందో బుల్లి లెక్కపెట్టింది. ఇలాంటివి రెండు పేజీలు.

కొట్టింది ఒకసారి చదువుకున్నాను. ఈ కాగితాన్ని పరాయి ఊళ్ళో, పరాయి గదిలో, ముక్కూమొహం తెలియని నలుగురు చదువుతారు. నా భార్యను వాళ్ళు ఇంతవరకే ఎరుగుతారు. ఇ, ఇల్లు, ఏడు సెకన్లు.

ఆమె ఏం చెప్పబోయిందో నాకు తెలుసు. ఆ ఇంట్లో ఉన్నది మేమిద్దరమే కదా. అందుకని శుద్ధప్రతి రాశాను. మా మొదటి ఇంట్లో ఒకటే గది. కిటికీ కింద మాస్టారి బల్ల ఉండేది. వాన వచ్చినప్పుడల్లా ఇద్దరం కలిసి ఆ బల్లను లోపలికి జరిపేవాళ్ళం. ఇలా రెండు పేజీలూ పూర్తిచేశాను. అంకెలు తీసేశాను.

అబద్ధం రాయలేదు. ఆమె చెప్పదలచుకున్నదే రాశాను.

డిసెంబరు 19

బుల్లి కళ్ళు నలుపుకుంటూ వచ్చి ఫైలు అప్‌లోడ్ చేసింది. తెరిచి చూడలేదు. మా తాతయ్య కొట్టిన దాన్ని సరిచూస్తే పాపం అని మేడమ్‌తో ఫోనులో అంటోంది.

చెప్పవలసిన నిమిషం అదే. చెప్పలేదు.

జనవరి 12

మొదటి కళాశాల కాదంది.

జనవరి 21

మూడోది, నాలుగోది కూడా. రెండూ ఒకేరోజు. బుల్లి అన్నం తినడానికి కూర్చుని, ఈసారి కనీసం నా స్టేట్‌మెంటు నాదే అని నవ్వింది. అల్లుడు ఫోను చేశాడు. ఆఫీసులో ఏప్రిల్ నుంచి రమ్మంటున్నారట.

జనవరి 24

రెండో కళాశాల ఇంటర్వ్యూకు పిలిచింది. ఫిబ్రవరి 2. బుల్లి వాళ్ళ అమ్మమ్మను కావలించుకుంది. నేను పుస్తకాల బీరువా సర్దాను. సర్దినదాన్నే మళ్ళీ సర్దాను.

ఫిబ్రవరి 2, సాయంత్రం 6

బస్సు దిగి నడిచి వచ్చింది. వాళ్ళ అమ్మమ్మ మంచం పక్కన నేలమీద కూర్చుంది.

అరగంట తరవాత నేనే అడిగాను. చెప్పింది. గొంతు పెంచకుండా చెప్పింది.

ముగ్గురు కూర్చున్నారట. రికార్డింగు వినిపించి, నా ప్రతిని తెరమీద పెట్టారట. బుల్లి దాన్ని మొదటిసారి అక్కడే చూసింది. మధ్యలో కూర్చున్న ప్రొఫెసరమ్మ, ఇది నువ్వు విన్నదా, వినాలనుకున్నదా అని అడిగిందట. ఎవరు టైపు చేశారన్నారట. బుల్లి నా పేరెత్తలేదు. పంపింది నేను, చూసుకోకపోవడం నా తప్పు అందట. ఆ తరవాత వాళ్ళు పెద్దగా ఏమీ అడగలేదట.

పరాయివాళ్ళ ముందు మీ అమ్మమ్మ చిన్నబోకూడదని చేశానన్నాను.

ఆ ఏడు సెకన్లూ అమ్మమ్మ ఊరికే కూర్చోలేదు తాతయ్యా, వెతుకుతోంది, ఒళ్ళంతా చెమట పట్టేలా వెతికి ఒక్కో మాట పట్టుకుంది అంది. నీ దగ్గర చదివే పిల్లాడు లెక్క చేసి తెస్తే, మెట్లన్నీ తుడిచేసి జవాబొక్కటే ఉంచుతావా, నేను వాళ్ళకు చూపించాలనుకున్నవి ఆ మెట్లే కదా అంది.

నేను లెక్కలు చెప్పలేదు, తెలుగు చెప్పానని అనబోయాను. అనలేదు. ఈ ఏడాది నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

ఫిబ్రవరి 3

నా శుద్ధప్రతిని నా భార్యకు చదివి వినిపించాను. ఎందుకు చదివానో చెప్పలేను. క్షమాపణకు ముందు నేరాన్ని చదవాలనుకున్నానేమో.

మొదటి మూడు వాక్యాలు అయ్యేసరికి ఆమె చెయ్యి పైకెత్తింది. కాదు అంది. ఆ మాట మాత్రం తడబడకుండా వచ్చింది.

ఏది కాదన్నాను. చాలాసేపు పట్టింది. ఒక్క అంది. ఆగింది. ఒక్కదాన్ని అంది.

అప్పుడు గుర్తొచ్చింది. వానాకాలం సాయంత్రాలు నేను బడి అయ్యాక ట్యూషన్లకు వెళ్ళేవాణ్ణి. చీకటిపడ్డాక వచ్చేవాణ్ణి. నేను వచ్చేసరికి బల్ల గది మధ్యలో పొడిగా ఉండేది. నా కాగితాల మీద ఒక్క చుక్క పడలేదు. అది ఇద్దరు మోయవలసిన బల్ల. ఆమె ఒక్కతే ఈడ్చేది. నలభై తొమ్మిదేళ్ళుగా ఇద్దరం అనుకుంటున్నాను.

ఆమె చెప్పదలచుకున్నది నాకు తెలుసునని డిసెంబరు 18న రాశాను. ఆ వాక్యాన్ని కొట్టివేయడం లేదు. ఉండనీ.

ఫిబ్రవరి 6

కళాశాలకు ఉత్తరం రాశాను. ఐదుసార్లు చించాను. ఆరోది బుల్లికి ఇచ్చి, పంపవచ్చునా అని అడిగాను. దాన్ని అనుమతి అడగడం ఇదే మొదలు.

ఎర్రపెన్ను తీసుకుంది. నా ముప్పై ఆరేళ్ళ సర్వీసు గురించిన వాక్యం కొట్టేసింది. ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారం కొట్టేసింది. సదుద్దేశంతో అన్న మాట కొట్టేసింది. మూడు వాక్యాలు మిగిలాయి. నా మనవరాలు ఉన్నది ఉన్నట్టు రాసిన ప్రతిని నేను మార్చాను. ఆ సంగతి ఆమెకు తెలియదు. ఆమె చేతిరాత ప్రతిని దీనితో జతచేస్తున్నాను.

ఇప్పుడు పంపు అంది.

ఫిబ్రవరి 15

జవాబు వచ్చింది. చేతిరాత ప్రతిని ఇప్పుడు లెక్కలోకి తీసుకోరు. కొత్త రికార్డింగు చేసి, ఇద్దరు శ్రోతలు విడివిడిగా విని రాసి, రెండు ప్రతులనూ దిద్దకుండా పదిరోజుల్లో పంపితే పరిశీలిస్తారు. సీటుకు హామీ లేదు.

రెండో శ్రోతగా థెరపిస్టు మేడమ్‌ను అడుగుతుందనుకున్నాను. బుల్లి నా ముందు ఇయర్‌ఫోన్లు పెట్టింది. నేను వద్దన్నాను. ఇంకెవరైనా చూసుకో అన్నాను. నువ్వు ఒక్క అక్షరం వదలవు తాతయ్యా, కలపకుండా ఉంటే చాలు అంది. అమ్మమ్మను అడిగా, ఒప్పుకుంది, తరవాత నవ్వింది కూడా అని చేర్చింది.

ఎందుకు నవ్విందో అడగలేదు.

ఫిబ్రవరి 22

కొత్త రికార్డింగు ఐదు నిమిషాలకు నాలుగు ఉదయాలు పట్టాయి. పెన్సిలు, స్టాప్‌వాచ్. ఒక్కో ముక్కను పదేసిసార్లు విన్నాను.

నా నోట్లో ప్రతిసారీ వాక్యం ముందే తయారవుతుంది. చెయ్యి దాన్ని రాయబోతుంది. ఆపాలి. ఆపి, ఆమె వచ్చేదాకా అక్కడే నిలబడాలి. పిల్లలు తడబడితే ఏనాడూ ఇంతసేపు నిలబడలేదు. మొదటి అక్షరం వినగానే మిగతాది నేనే అందించేవాణ్ణి. గంట కొట్టేలోపు పాఠం అయిపోవాలి మరి.

ఫిబ్రవరి 24

రెండు ప్రతులూ పక్కపక్కన పెట్టి పోల్చాం. నూటికి తొంభై ఒకటి కలిశాయి. ఒకచోట బుల్లి దగ్గు అని రాసింది. నేను మ అని రాశాను. మళ్ళీ విన్నాం. మ. బుల్లి తన ప్రతిని దిద్దబోయి, దిద్దకూడదని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇద్దరం నవ్వాం. తేడాలతోనే పంపింది.

మార్చి 19

ఏమీ రాలేదు.

ఏప్రిల్ 2

అల్లుడి స్నేహితుడు ఇంకో పదిరోజులు ఆగుతానన్నాడట. బుల్లి ఆసుపత్రి నుంచి వచ్చి, రోజూ చేసినట్టే, బొమ్మల కార్డులతో వాళ్ళ అమ్మమ్మ ముందు కూర్చుంది. గంటసేపు. కప్పు. తలుపు. గొడుగు. ఈరోజు పన్నెండింటికి తొమ్మిది వచ్చాయి. తొమ్మిదో మాటకు ఇద్దరూ అలిసిపోయారు. దీన్ని ఆఫీసులో కూర్చోబెడతారట.

ఏప్రిల్ 11, ఉదయం 10.20

బుల్లి ఫోను చూసి, చెప్పులైనా వేసుకోకుండా మేడమ్ దగ్గరికి పరుగెత్తింది. నా భార్య గుమ్మం దగ్గరి కుర్చీలోంచి నన్ను పిలిచింది. రాస్తున్నాను.

ఆమె: బు... బుల్లి. (4) సీ... సీటు. (9) వచ్చి... వచ్చింది.

నేను: (ఏమీ అందించలేదు.)

ఆమె: (6) మాస్టారూ. (14) మీ... మీ...

(23)

ఆగి ఉన్నాను.